నెలలు నిండే వేళ యాంటీబయాటిక్ మందులు: ఏది వాడాలి, ఏది వద్దు?

ఈ నెల ఆరోగ్య పాఠం ఏడవ నెల దాటిన గర్భిణీ స్త్రీల కోసం. వారితోపాటు వారి భర్తల కోసం, అత్తమామల కోసం, తల్లిదండ్రుల కోసం కూడా. ఎందుకంటే మన ఊళ్లలో గర్భిణి ఒక మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ఆమె ఒక్కతే నిర్ణయించుకోదు. ఇంట్లో పెద్దలు ఒకటి చెప్తారు, పక్కింటి అక్క ఒకటి చెప్తుంది, మందుల షాపులో ఇంకొకటి ఇస్తారు. కాబట్టి ఇంటిల్లిపాదీ ఈ పాఠం చదవండి. చదువు రాని పెద్దలకు చదివి వినిపించండి.

ముందుగా ఒక ఇంటి సంగతి ఊహించుకుందాం

మేళ్లచెరువు దగ్గర ఒక పల్లె. మిరపకాయలు కోసే కాలం. ఆ ఇంటి చిన్న కోడలికి ఎనిమిదవ నెల. మొన్నటి దాకా కూలికి పోయింది. చేను దగ్గర చాటు ఉండదు కనుక పొద్దున్నుంచి నీళ్లు తక్కువ తాగేది, మూత్రం వచ్చినా ఆపుకొనేది. ఇప్పుడు మూడు రోజులుగా మూత్రంలో మంట. మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలే. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. చివరికి అత్తతో చెప్పింది.

అత్త లోపలికి పోయి, డబ్బాలో దాచిన సగం మిగిలిన మాత్రల షీటు తెచ్చింది.

"గివి రెండు దినాలు ఏస్కో బిడ్డా. పోయిన యాడాది నీ తోడికోడలికి గిట్లనే మంటలేస్తే ఇవే ఏసుకున్నది. తగ్గింది."

"కడుపుల బిడ్డకు ఏం కాదా అత్తమ్మా?"

"ఏం కాదు. చిన్న మాత్రే గదా!"

ఈ అత్త చెడ్డది కాదు. కోడలి బాధ చూడలేక, ప్రేమతోనే ఆ షీటు తెచ్చింది. అయితే తోడికోడలు ఆ మాత్రలు వేసుకున్నప్పుడు గర్భిణి కాదు. ఇక్కడ రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, బిడ్డకు పడని మాత్ర వేసుకోవడం. రెండవది, "మందులంటే భయం, కాన్పు అయ్యేదాకా ఓర్చుకుందాం" అని రోగాన్ని వదిలేయడం. రెండూ తల్లీబిడ్డలకు చేటు తెస్తాయి. ఈ రెండింటి మధ్య క్షేమమైన దారి ఏదో తెలుసుకోవడమే ఈ పాఠం.

యాంటీబయాటిక్ అంటే ఏమిటి?

మన శరీరంలో రోగం కలిగించే సూక్ష్మజీవులలో బ్యాక్టీరియా ఒక రకం, వైరస్ మరొక రకం. యాంటీబయాటిక్ మందులు బ్యాక్టీరియాను మాత్రమే చంపుతాయి. జలుబు, ఫ్లూ, డెంగ్యూ వంటివి వైరస్ వల్ల వస్తాయి. వాటికి ఈ మందులు పనిచేయవు. మామూలు నీళ్ల విరేచనాలకు కూడా చాలాసార్లు వీటి అవసరం ఉండదు. ఓ.ఆర్.ఎస్. నీళ్లు తాగితే చాలు.

ఈ మందుల విలువను తక్కువగా చూడకూడదు. అవి లేని రోజుల్లో కాన్పు తరువాత వచ్చే సూతికా జ్వరం ఎందరో బాలింతలను పొట్టన పెట్టుకుంది. 1936లో లండన్‌లోని క్వీన్ షార్లెట్ ఆసుపత్రిలో లెనార్డ్ కోల్‌బ్రూక్ అనే డాక్టరు సల్ఫా మందుతో ఈ జ్వరానికి చికిత్స చేసినప్పుడు మరణాలు బాగా తగ్గాయి. 1928లో కనుగొన్న పెన్సిలిన్ 1940ల నుండి అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఈ రోజు కాన్పు అంటే పూర్వమున్నంత భయం లేకపోవడానికి ఈ మందులు ఒక ముఖ్య కారణం. మందు మంచిదే. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది తెలిసి వాడాలి.

చివరి నెలల్లో మూత్రంలో మంట ఎందుకు వస్తుంది?

గర్భం పెరిగేకొద్దీ గర్భసంచి మూత్రనాళాల మీద ఒత్తుతుంది. గర్భధారణలో ఎక్కువయ్యే హార్మోన్ వల్ల ఆ నాళాలు వదులవుతాయి. అందువల్ల మూత్రం త్వరగా కిందికి జారిపోక నిలువ ఉంటుంది. నిలువ ఉన్నచోట బ్యాక్టీరియా పెరుగుతుంది. నీళ్లు తక్కువ తాగినా, మూత్రం ఆపుకొన్నా ఇది మరీ ఎక్కువవుతుంది.

ఒక్కోసారి మంట కూడా ఉండదు. ఏ బాధా లేకపోయినా మూత్రంలో బ్యాక్టీరియా ఉండవచ్చు. ప్రతి 100 మంది గర్భిణులలో సుమారు 2 నుండి 10 మందికి ఇలా ఉంటుంది. దీన్ని వదిలేస్తే కొందరిలో అది మూత్రపిండాలకు పాకి, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు వస్తాయి. నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు, బిడ్డ బరువు తక్కువగా పుట్టవచ్చు. అందుకే బాధ లేకపోయినా మూత్ర పరీక్ష చేయించుకోమని చెప్తాము. బాధ లేని ఈ ఇన్ఫెక్షన్‌కు కూడా 7 రోజుల యాంటీబయాటిక్ చికిత్స ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది.

మూత్రం పరీక్షకు ఇచ్చేటప్పుడు ముందు నీళ్లతో శుభ్రం చేసుకోండి. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ వారు ఇచ్చిన శుభ్రమైన డబ్బాలో పట్టండి. కల్చర్ పరీక్ష చేస్తే ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకు అది లొంగుతుందో తెలుస్తుంది. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. వీలైనంత వరకు మందు మొదలు పెట్టకముందే మూత్రం ఇవ్వాలి. ముందే ఒకటి రెండు మాత్రలు వేసుకొని వస్తే పరీక్షలో సరిగా తెలియకపోవచ్చు.

గర్భిణులకు సాధారణంగా ఇచ్చే మందులు

చాలా ఏళ్లుగా గర్భిణులలో వాడి, క్షేమమని తేలిన మందులు ఉన్నాయి. పెన్సిలిన్ జాతికి చెందిన అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్. సెఫాలెక్సిన్ వంటి సెఫాలోస్పోరిన్ మందులు. అవసరాన్ని బట్టి అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్. మూత్ర ఇన్ఫెక్షన్‌కు ఒక్క మోతాదుతో ఇచ్చే ఫాస్ఫోమైసిన్ పొడి. వీటిలో ఏది అన్నది డాక్టరు నిర్ణయించాలి. పేరు తెలిసింది కదా అని షాపులో కొనుక్కోవడానికి ఈ జాబితా ఇవ్వలేదు. మన దేశంలో మూత్ర ఇన్ఫెక్షన్ కలిగించే బ్యాక్టీరియా చాలావరకు అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్‌లకు లొంగడం లేదు. క్షేమమైన మందే అయినా రోగం మీద పనిచేయకపోతే ప్రయోజనం లేదు కదా!

పెన్సిలిన్ పడనివారు కొందరుంటారు. ఇంతకు ముందు ఏదైనా సూదిమందుకో మాత్రకో ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ మందు పేరు తల్లీబిడ్డ కార్డు మీద రాయించుకోండి.

చివరి నెలల్లో జాగ్రత్త పడవలసిన మందులు

1. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్. ఈ జాతి మందులలో మొదటిది ఆరియోమైసిన్. అది వెలువడినది మన తెలుగువాడు, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే సంస్థలో పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలంలో. ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొన్నారు. 1948లో అది లోకానికి తెలిసింది. ఎన్నో ప్రాణాలు కాపాడింది. అయితే ఈ జాతి మందులు పెరుగుతున్న పళ్లలో, ఎముకలలో సున్నంతో కలిసిపోయి నిలిచిపోతాయని 1950ల దశకం నుండి బయటపడింది. బిడ్డ పాలపళ్లు గట్టిపడడం తల్లి కడుపులోనే, నాలుగవ నెల ప్రాంతంలో మొదలవుతుంది. అప్పటి నుండి తల్లి ఈ మందు వాడితే బిడ్డ పళ్లు పసుపు, గోధుమ రంగులో రావచ్చు. మన నల్గొండ ప్రాంతంలో పళ్ల మచ్చ అనగానే ఫ్లోరైడ్ నీళ్లే గుర్తుకొస్తాయి. అది చిన్నతనంలో తాగిన నీటి వల్ల వచ్చేది. ఇది తల్లి మింగిన మాత్ర వల్ల వచ్చేది. రెండూ తోమితే పోవు.

2. కోట్రైమాక్సజోల్ మరియు ఇతర సల్ఫా మందులు. అప్పుడే పుట్టిన పిల్లలకు కామెర్లు రావడం మనకు తెలిసినదే. కాన్పుకు దగ్గరలో తల్లి సల్ఫా మందు వాడితే, బిడ్డ రక్తంలో కామెర్ల పదార్థం విడివడి మెదడును దెబ్బతీసే ప్రమాదం ఉంది. అందుకే చివరి వారాలలో దీనిని ఇవ్వరు. మొదటి మూడు నెలలలో కూడా ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడుతుంది కనుక సాధారణంగా ఇవ్వరు.

3. నైట్రోఫ్యురాంటోయిన్. మధ్య నెలలలో మూత్ర ఇన్ఫెక్షన్‌కు డాక్టర్లు దీనిని ఇస్తారు. అప్పుడు భయపడనవసరం లేదు. కాని తొమ్మిదవ నెల చివరలో, నొప్పులు దగ్గరపడినప్పుడు వాడితే పుట్టిన బిడ్డలో ఎర్ర రక్తకణాలు విరిగిపోయే అవకాశం ఉంది. జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు ఈ ముప్పు మరీ ఎక్కువ. కాబట్టి ఆరవ నెలలో ఇచ్చిన చీటీ పట్టుకొని తొమ్మిదవ నెలలో అదే మందు కొనకండి.

4. సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్. మన దగ్గర విరేచనాలకు, మూత్రంలో మంటకు షాపులో అడగగానే ఇచ్చేవి ఎక్కువగా ఇవే. వేరే క్షేమమైన మందులు ఉన్నాయి కాబట్టి గర్భిణులకు సాధారణంగా వీటిని వాడరు.

5. స్ట్రెప్టోమైసిన్ సూది. కడుపులోని బిడ్డ చెవికి హాని చేసి వినికిడి పోగొట్టవచ్చు. అదే జాతికి చెందిన జెంటామైసిన్, అమికాసిన్ సూదులు తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో ఆసుపత్రిలో ఉంచి, మోతాదు చూసుకొని మాత్రమే ఇస్తారు. ఇంటి దగ్గర వేయించుకోకండి.

6. క్లోరాంఫెనికాల్. పూర్వం టైఫాయిడ్‌కు విరివిగా వాడేవారు. అప్పుడే పుట్టిన బిడ్డ కాలేయం దీనిని విరగగొట్టలేదు. బిడ్డ బూడిద రంగుకు తిరిగి కుప్పకూలే ప్రమాదం ఉన్నందున కాన్పు దగ్గరలో ఇవ్వరు.

ఇప్పటికే వీటిలో ఏదో ఒకటి వేసుకొని ఉంటే కంగారు పడకండి. ఒకటి రెండు మాత్రలతో ప్రతి బిడ్డకూ హాని జరుగుతుందని కాదు. మాత్రల షీటు తీసుకొని డాక్టరును కలవండి, దాచకుండా చెప్పండి.

"సూది వేయిస్తే త్వరగా తగ్గుతుంది"

ఈ మాట రోజూ వింటాము. జ్వరం రాగానే ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర ఒక యాంటీబయాటిక్ సూది, దానితోపాటు నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయించుకొనే అలవాటు ఉంది. చివరి మూడు నెలలలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు వద్దు. కడుపులోని బిడ్డ గుండె దగ్గర ఉండే ఒక ముఖ్యమైన రక్తనాళం పుట్టకముందే మూసుకుపోవచ్చు. బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీరు తగ్గవచ్చు. జ్వరానికి, ఒంటినొప్పులకు డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. జ్వరం తగ్గినా దానికి కారణం ఏమిటో పరీక్ష చేయించాలి. మలేరియానా, డెంగ్యూనా, మూత్రంలో ఇన్ఫెక్షనా అన్నది ఒళ్లు పట్టి చూస్తే తెలియదు.

యాంటీబయాటిక్ తప్పనిసరి అయ్యే సమయాలు

మందుకు భయపడి చికిత్స మానేయకూడదు. ఈ కింది సందర్భాలలో అవి తల్లీబిడ్డలను కాపాడతాయి.

* మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, ముఖ్యంగా చలిజ్వరం ఉన్నప్పుడు.
* నెలలు నిండకముందే ఉమ్మనీరు పోతున్నప్పుడు.
* రక్త పరీక్షలో సిఫిలిస్ ఉన్నట్లు తేలినప్పుడు. దీనికి పెన్సిలిన్ సూది ఒక్కటే కడుపులోని బిడ్డకు కూడా రక్షణ ఇస్తుంది. భర్త కూడా చికిత్స తీసుకోవాలి.
* టీబీ ఉన్నప్పుడు. గర్భం వచ్చిందని టీబీ మాత్రలు ఆపకూడదు. డాక్టరుకు చెప్తే గర్భిణికి తగినవి ఇస్తారు.
* ఆపరేషన్ కాన్పు చేసేటప్పుడు. కోత పెట్టకముందే ఒక మోతాదు సూది ఇస్తే తరువాత చీము పట్టడం తగ్గుతుంది.

అవసరం లేనప్పుడు "ముందు జాగ్రత్తగా" వాడితే?

కొందరు అడుగుతారు: "ఎందుకైనా మంచిది, ఒక కోర్సు రాయండి డాక్టరమ్మా!" దీనికి జవాబు ఒక పెద్ద పరిశోధనలో ఉంది. బ్రిటన్ కేంద్రంగా జరిగిన ఆరకిల్ అనే అధ్యయనం ఫలితాలు 2001లో వచ్చాయి. ఉమ్మనీరు పోయిన గర్భిణులలో ఎరిత్రోమైసిన్ వల్ల కొంత మేలు కనిపించింది. కాని అమాక్సిసిలిన్‌తో క్లావులానిక్ యాసిడ్ కలిపిన మందు వాడిన తల్లుల బిడ్డలలో పేగు కుళ్లే తీవ్రమైన జబ్బు ఎక్కువగా కనిపించింది. ఇక ఉమ్మనీరు పోకుండా, ఇన్ఫెక్షన్ గుర్తులు లేకుండా ముందుగానే నొప్పులు వచ్చిన వారిలో యాంటీబయాటిక్ వల్ల మేలు కలగలేదు. ఆ పిల్లలను ఏడేళ్ల వయసులో మళ్లీ చూసి 2008లో ఫలితాలు ప్రకటించారు. మందు వాడిన తల్లుల పిల్లలలో సెరిబ్రల్ పాల్సీ, అంటే కాళ్లు చేతులు బిగుసుకొని కదలిక దెబ్బతినే జబ్బు, కొంత ఎక్కువగా ఉన్నట్లు తేలింది. అవసరం ఉన్నచోట ప్రాణం నిలిపే మందే, అవసరం లేనిచోట హాని చేయగలదు.

మరొక నష్టం కూడా ఉంది. అనవసరంగా వాడినకొద్దీ బ్యాక్టీరియా మందుకు అలవాటుపడి మొండిదవుతుంది. ఆ మొండి బ్యాక్టీరియా తల్లి నుండి పసిబిడ్డకు సోకితే, ఇచ్చే మందే కరవవుతుంది. మాత్రల షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని అర్థం. ఈ ఎర్ర గీత గురించి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం మొదలు పెట్టింది. ఈసారి షాపుకు వెళ్లినప్పుడు గమనించండి.

మందు వాడే పద్ధతి

1. డాక్టరుతో ముందు ఈ మాటలు చెప్పండి: ఎన్నవ నెల, కాన్పు తేదీ ఎప్పుడు, ఏ మందు పడదు, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు, ఇంతకుముందు కామెర్లు గాని మూత్రపిండాల జబ్బు గాని ఉన్నాయా.
2. చెప్పిన మోతాదు, చెప్పిన వేళకు, చెప్పినన్ని రోజులు వాడండి. గర్భంలో రక్తం పరిమాణం పెరుగుతుంది, మూత్రపిండాలు ఎక్కువ పని చేస్తాయి. కొన్ని మందులు త్వరగా బయటికి పోతాయి. బిడ్డకు భయపడి సగం మాత్ర వేసుకుంటే రోగం తగ్గదు, బిడ్డకు మేలూ జరగదు.
3. రెండు రోజులకే మంట తగ్గిందని మీ అంతట మీరు ఆపకండి. రెండు రోజులైనా తగ్గకపోతే తిరిగి రండి.
4. వాంతి అయితే, దద్దుర్లు వస్తే, విరేచనాలు ఎక్కువైతే వెంటనే చెప్పండి.
5. కోర్సు పూర్తయిన ఒకటి రెండు వారాలకు మళ్లీ మూత్ర పరీక్ష చేయించండి.
6. మాత్రలు మిగిలితే దాచకండి, ఎవరికీ ఇవ్వకండి, ఒకరి చీటీతో మరొకరికి కొనకండి.
7. నీళ్లు బాగా తాగండి, మూత్రం ఆపుకోకండి. పనికి పిలిచే రైతులకు, మేస్త్రీలకు కూడా ఒక మాట: గర్భిణికి కాస్త చాటు, కాస్త విరామం చూపించండి. అది కూడా వైద్యమే.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

* 100.4 డిగ్రీలు లేదా అంతకు మించి జ్వరం, చలి, వణుకు
* నడుము పక్కన నొప్పి, ఆగని వాంతులు
* ఉమ్మనీరు పోవడం, దుర్వాసనతో తెల్లబట్ట, రక్తం కనిపించడం
* నెలలు నిండకముందే నొప్పులు
* బిడ్డ కదలిక తగ్గినట్లు అనిపించడం
* ఆయాసం, మగత, మాట తడబడడం

ఇవి ఉంటే తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. మామూలు పరీక్షలకైతే మీ ఆశ కార్యకర్తను అడగండి. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, హుజూర్‌నగర్, కోదాడ ప్రభుత్వ ఆసుపత్రులలో చూపించుకోవచ్చు. పెద్ద అవసరమైతే సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది.

మళ్లీ ఆ ఇంటికి

మనం ఊహించుకున్న ఆ కోడలు మాత్ర చేతిలో పట్టుకొని ఆశ అక్కను పిలిపించిందనుకుందాం. అక్క షీటు వెనక చదివి, "ఇది నార్‌ఫ్లాక్సాసిన్ అత్తమ్మా, కడుపుతోటి ఉన్నోళ్లకు ఇది ఇయ్యరు. పైగా తారీకు కూడా దాటింది. పొద్దున్నే మూత్రం పరీక్షకు పోదాం" అంటుంది. పరీక్ష అవుతుంది. ఎనిమిదవ నెలకు తగిన మాత్రలు 7 రోజులకు రాస్తారు. మిగిలిన షీటును అత్తే బయట పారేయడానికి పోతే ఆశ అక్క ఆపి, "పిల్లలకు దొరికే చోట పడెయ్యకు, నాకియ్యి" అంటుంది. ఈసారి కోడలి కంటే ముందు అత్తే వేళకు మాత్ర గుర్తు చేస్తుంది. ఆ ప్రేమ అదే. దారి మాత్రం మారింది.

మీరే చెప్పండి

1. ఆరవ నెలలో డాక్టరు రాసిన మూత్ర ఇన్ఫెక్షన్ మందును తొమ్మిదవ నెలలో అదే చీటీతో కొనవచ్చా? ఎందుకు?
2. జలుబుకు యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదు?
3. మూత్రంలో మంట లేకపోయినా పరీక్ష ఎందుకు అవసరం?
4. గర్భం వచ్చిందని టీబీ మాత్రలు ఆపవచ్చా?
5. మీ ఇంట్లో ఇప్పుడు దాచిన మాత్రల షీట్లు ఎన్ని ఉన్నాయి? వాటి మీద ఎర్ర గీత ఉందా? ఈ రోజే తీసి చూడండి.

స్త్రీల కూడికలో ఈ ప్రశ్నలు ఒకరినొకరు అడుగుకోండి. జవాబులన్నీ ఈ పాఠంలోనే ఉన్నాయి. అయిదవ దానికి మాత్రం మీ ఇంటి అలమారలోనే జవాబు దొరుకుతుంది.